మెదడు జబ్బులకు క్రొత్త మందులు – మన భాషల పాత్ర
(సంఘము మాససమావేశమున ఒక వర్తక సభ్యుడు గావించిన ప్రసంగపాఠము)



ఈ మాసపు సమావేశమున ఆరోగ్యవిషయ మేదైన నొకటి చేపట్టి ప్రసంగింపవలసినదిగా కార్యవర్గమువారు నన్ను కోరిరి. నేను వైద్యుడను గాను. పదవ తరగతితో చదువు చాలించి తండ్రిగారి దుకాణమున కూర్చున్నవాడను. అయినను, ఒక సరకు పుట్టినచోటినుండి కొనువాని చేతికి చేరువరకు ఎన్ని మజిలీలు దాటునో, ఎచ్చట నిలిచిపోవునో, ఎచ్చట నష్టము వచ్చునో గమనించుట వర్తకుని వృత్తి. ఆ దృష్టితోనే మెదడు జబ్బులకు క్రొత్త మందులు ఎట్లు తయారగుచున్నవో కొంత చదివితిని. తెలిసిన డాక్టరుగార్ల నడిగి సందేహములు తీర్చుకొంటిని. నాకు బోధపడినంత మీ ముందుంచెదను.

చెప్పదలచినది ఒక్కటే. రక్తపుపోటు మందు పనిచేసినదో లేదో కొలబద్ద చెప్పును. చక్కెరజబ్బు మందుకు నెత్తురుచుక్క సాక్ష్యము చెప్పును. మతిమరుపు మందు గుణమిచ్చినదో లేదో తెలియుటకు మాత్రము మనిషిని మాటలాడింపవలెను. మాట యనగా భాష. కనుక ఈ మందుల తయారీలో ప్రయోగశాల యెంత ముఖ్యమో, రోగి భాషయు నంత ముఖ్యము. రెండు భాషల నడుమ జీవించు బళ్లారి తెలుగువారికి ఇది పరాయి విషయము కాదు.

ముందుగా జబ్బు ఎంత పెద్దదో చూతము. పెద్దలకు మతి తప్పుట వయోధర్మమేయని మనము చిరకాలముగా సరిపెట్టుకొంటిమి. తాళపుచెవి ఎక్కడ పెట్టితినో మరచుట వేరు, తాళపుచెవి దేనికో మరచుట వేరు. రెండవదానిని డాక్టర్లు డిమెన్షియా యందురు. అందులో ఎక్కువగా కనబడునది ఆల్జైమర్ వ్యాధి. 2023 లో వెలువడిన దేశవ్యాప్త పరిశోధన ననుసరించి, మన దేశమున అరువది యేండ్లు పైబడినవారిలో నూటికి 7.4 మందికి, అనగా సుమారు 88 లక్షల మందికి, డిమెన్షియా కలదు. ఇట్టివారు లేని వీధి మన ఊర నుండదు. బయటకు చెప్పుకొనుట లేదు, అంతియే.

మెదడు మందుల చరిత్రలో మన దేశపు మొక్కలకు గొప్ప స్థానమున్నది. సర్పగంధ వేరును పిచ్చికిని నిద్రలేమికిని మన వైద్యులు తరతరములుగా వాడుచుండిరి. 1931 లో కలకత్తాలో గణనాథసేన్, కార్తీకచంద్రబోసు అను నిరువురు వైద్యులు ఈ వేరు ఉన్మాదమునకును రక్తపుపోటునకును పనిచేయుచున్నదని ప్రకటించిరి. 1952 లో స్విట్జర్లాండులోని సీబా కంపెనీ శాస్త్రజ్ఞులు అందలి సారమైన రిసర్పిను అను పదార్థమును వేరుచేసిరి. ఇక రెండవది దూలగొండి. తగిలినంతనే ఒడలు దురదపెట్టు ఆ కాయ మన చేలగట్లమీద నెరుగనివారు లేరు. దాని గింజలనుండి డోపా అను పదార్థమును 1937 లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అను శాస్త్రజ్ఞులు వెలికిదీసిరి. అది దేనికి పనికివచ్చునో నాడెవ్వరికిని తెలియదు.

ఈ రెండును ఒకచోట కలిసిన కథ వినదగినది. 1957 లో స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞుడు ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్లకు రిసర్పిను ఇచ్చెను. అవి కదలక మెదలక పడిపోయినవి. తరువాత డోపాను సూదిద్వారా ఎక్కించెను. కొలదిసేపటిలో లేచి తిరుగాడసాగినవి. మెదడులో డోపమిను అను ద్రవ్యము తరిగినచో శరీరచలనము స్తంభించునని దీనివలన తేలెను. కాళ్లు చేతులు బిగిసి వణకించు పార్కిన్సన్ వ్యాధికి మూలమిదియేనని తరువాత వియన్నా నగరమున రుజువైనది. 1961 లో అచ్చటి రోగులకు డోపా నిచ్చి చూచిరి. 1967 లో అమెరికాలో కోట్జియాస్ అను వైద్యుడు దీనిని నోటిద్వారా పెద్ద మోతాదులలో క్రమముగా పెంచి ఇచ్చు పద్ధతిని స్థిరపరచెను. లేవలేనివారు లేచి నడచిరి. కార్ల్‌సన్‌కు 2000 లో నోబెల్ బహుమానము వచ్చినది. నేటికిని ఆ వ్యాధికి ముఖ్యమైన మందు లీవోడోపాయే.

దీనిలో మనకు గర్వము కలదు, హెచ్చరికయు కలదు. మొక్క మన చేలో నున్నంత మాత్రమున మందు మన చేతిలో నున్నట్లు కాదు. గింజలోని పదార్థము 1937 లో దొరికినను, రోగి లేచి నడచుటకు మరి ముప్పది యేండ్లు పట్టినది. నడుమ జరిగినదంతయు మోతాదు కట్టుట, పరీక్షించుట, దుష్ఫలితములు లెక్కించుట. కనుక డాక్టరుగారిచ్చిన మాత్ర మాని, గింజలు దంచుకొని త్రాగుద మనువారు పొరబడుచున్నారు. గింజకు గింజకు సారము మారును. మాత్రలో మోతాదు మారదు. తూకము తెలియని సరకును అంగడిలో పెట్టము గదా, ఒంటిలో పెట్టుట ఎట్లు?

పార్కిన్సన్ వ్యాధికి ఒక సదుపాయ మున్నది. వణుకు కంటికి కనబడును. నడక గడియారముతో కొలువవచ్చును. మతిమరుపునకు ఆ సదుపాయము లేదు. ఆల్జైమర్ అను జర్మను వైద్యుడు ఈ వ్యాధిని 1906 లో వివరించెను. దానికి డోనెపెజిల్ అను మాత్ర అమెరికాలో 1996 లోను, మెమాంటిన్ అను మాత్ర 2003 లోను ఆమోదము పొందినవి. ఇవి రెండును జ్ఞాపకశక్తిని కొంతకాలము నిలబెట్టునే గాని వ్యాధిని ఆపజాలవు. అటుపిమ్మట సుమారు పదునెనిమిదేండ్లు క్రొత్త మందు ఒక్కటియు ఆమోదమునకు నోచుకొనలేదు. 2023 లో లెకానెమాబ్, 2024 లో డోనానెమాబ్ అనునవి అమెరికాలో పూర్తి ఆమోదము పొందినవి. మెదడులో పేరుకొన్న ఒక మాంసకృత్తును ఇవి తొలగించి, తొలిదశలో నున్నవారికి వ్యాధి వేగమును కొంత తగ్గించును, ఆపివేయవు. ఇవి సెలైను వలె నరములోనికి ఎక్కించు మందులుగా ఆమోదము పొందినవి. మెదడు వాచుట, నెత్తురు చిమ్ముట యను ప్రమాదము లున్నందున పలుమార్లు స్కానింగు తీయవలెను. ఖర్చు సామాన్యునికి అందనిది.

ఇన్నేండ్లు, ఇంత ధనము వెచ్చించియు ఇంత ఆలస్యమేల? మూడు కారణములు కనబడుచున్నవి.

మొదటిది, రక్తమునకును మెదడునకును నడుమ నొక అడ్డుగోడ కలదు. ఒకప్పుడు మన సరిహద్దున చెక్‌పోస్టులో ప్రతి లారీని ఆపి బిల్లులు చూచినట్లు, ఆ గోడ ప్రతి పదార్థమును తనిఖీ చేయును. నూటికి తొంబదికి పైగా మందులను వెనుకకు పంపివేయును. మెదడును విషమునుండి కాపాడునదియు, మందు నడ్డగించునదియు నా గోడయే.

రెండవది, ఎలుకలకు ఈ వ్యాధి సహజముగా మనకు వచ్చినట్లు రాదు. కృత్రిమముగా తెప్పించిన జబ్బును నయముచేసిన మందు మనిషి దగ్గరకు వచ్చుసరికి తరచుగా నిలువదు.

మూడవది, నేను మొదట చెప్పినది: కొలత. మతి యెంత తగ్గినదో, మందువలన ఎంత నిలిచినదో ప్రశ్నలద్వారానే తెలియవలెను.

ఇందుకు మన తెలుగునాటినుండియే ఒక ఉదాహరణము కలదు. అమెరికాలో మందుల దుకాణములు నడిపి తిరిగివచ్చిన జాస్తి వెంకటేశ్వర్లుగారు 1989 లో హైదరాబాదున ఒక కంపెనీ స్థాపించిరి. దాని నేటి పేరు సువెన్ లైఫ్ సైన్సెస్. ఇతర దేశముల కంపెనీలకు రసాయనములు తయారుచేసి ఇచ్చుటవలన వచ్చిన ఆదాయముతో వారు మెదడు మందుల పరిశోధనకు పూనుకొనిరి. మన దేశమున తక్కిన పెద్ద కంపెనీలు ఎక్కువగా, కనుగొన్న మందునే చౌకగా తయారుచేయు వ్యాపారమున నుండగా, ఎవ్వరును కనుగొనని మందు కనుగొనుటకు దిగుట సాహసము.

వారు తయారుచేసిన వానిలో ముఖ్యమైనది మాసుపిర్డిన్. మెదడులో సెరటోనిను అను ద్రవ్యము తాకు గూళ్లు అనేకవిధములు. వానిలో ఆరవ రకపు గూటిని ఇది మూసివేయును. దానివలన జ్ఞాపకమునకు తోడ్పడు ఇతర ద్రవ్యములు అధికముగా ఊరునని ఆలోచన. ఇదే మార్గమున నడచిన ఐడలోపిర్డిన్, ఇంటెపిర్డిన్ అను పాశ్చాత్యుల మందులు 2017 నాటికి పెద్ద పరీక్షలలో విఫలమైనవి. అయినను హైదరాబాదువారు వెనుదీయలేదు. డోనెపెజిల్, మెమాంటిన్ రెండును వాడుచున్న 564 మంది రోగులను అమెరికాలో పరీక్షకు చేర్చుకొనిరి. కొందరికి చిన్న మోతాదు, కొందరికి పెద్ద మోతాదు, కొందరికి ఏమందును లేని ఉత్త మాత్ర ఇరువదియారు వారములు ఇచ్చిరి. ఎవరికేది ఇచ్చిరో రోగికిని తెలియదు, డాక్టరునకును తెలియదు. 2019 నవంబరులో ఫలితము వెలువడినది. ఉత్త మాత్ర తీసికొన్నవారికంటె మందు తీసికొన్నవారి జ్ఞాపకశక్తి మెరుగుపడలేదు.

నా బోటివాడు ఆ నాడే అంగడి కట్టివేసెడివాడు. వారు మాత్రము లెక్కలు మరల తిరగవేసిరి. మతి తప్పినవారిలో కొందరికి కలుగు ఆవేశము, కలవరము, అటునిటు తిరుగుట, కసరుట మందు తీసికొన్న కొందరిలో తగ్గినట్లు కనబడినది. ముసలివారిని సాకు ఇంటివారిని మరపుకంటె ఎక్కువగా క్రుంగదీయునది ఈ ఆవేశమే. అయితే లెక్క ముగిసిన పిమ్మట వెదకి పట్టిన లాభము లాభము కాదు. అది మరల పరీక్షించి నిరూపింపవలసిన ఊహ. అందుకొరకే అదే మందుతో ఆవేశమునకు ప్రత్యేకముగా మూడవ దశ పరీక్ష అమెరికాలోను ఐరోపాలోను ప్రారంభించిరి. ఓటమిని దాచక ప్రకటించుట, ఊహను సరకుగా అమ్మక మరల తూకమునకు పెట్టుట, ఈ రెండును మెచ్చదగినవి.

ఇచ్చట మనము గమనింపవలసిన దొకటి. మందు పుట్టినది హైదరాబాదున. పరీక్షకు నిలిచినది విదేశీయులు. మన పెద్దల చదువు వేరు, తిండి వేరు, తోడుగా నుండు చక్కెరజబ్బు, రక్తపుపోటు వేరు. వారిపై ఆ మందు ఎట్లు పనిచేయునో విదేశపు పరీక్ష పూర్తిగా చెప్పజాలదు. మనవారినే పరీక్షింపవలెనన్నచో మన భాషలో కొలుచు కొలబద్ద కావలెను.

ప్రపంచమంతట వాడుకలోనున్న మతిపరీక్ష ఒకటి 1975 లో అమెరికాలో పుట్టినది. అందులో నూటినుండి ఏడేసి తీసివేయుచు పొమ్మందురు. ఒక వాక్యము వ్రాయుమందురు. బొమ్మ చూచి గీయుమందురు. బడి మొగము చూడని మనిషి, మతి చెక్కుచెదరకున్నను, అందులో తప్పును. ఆ ప్రశ్నలను మాటకు మాట తెలుగు చేసినంత మాత్రమున అవి తెలుగు ప్రశ్నలు కావు.

మనకు తెలిసిన కుటుంబమున జరిగినది చెప్పెదను. రాయదుర్గమునుండి కోడలుగా వచ్చి బళ్లారిలో ఏబదియేండ్లు కాపురము చేసిన ఒక పెద్దమ్మను దూరపు నగరమందలి ఒక ఆసుపత్రికి తీసికొనిపోయిరి. ప్రశ్నలు హిందీలోను ఆంగ్లములోను సాగినవి. కుమారుడు తర్జుమా చేసెను. ఆమె తడబడెను. వ్యాధి ముదిరినదని వ్రాసి పంపిరి. ఇంటిల్లిపాదియు హతాశులైరి. కొన్ని నెలలకు తెలుగెరిగిన వేరొక డాక్టరుగారు నెమ్మదిగా కూర్చుండబెట్టి, “అమ్మా, నూరు రూపాయలిచ్చి ఏడు రూపాయల కొత్తిమీర కొంటివి, చిల్లర యెంత రావలెను?” అని యడిగిరి. ఆమె తడుముకొనక చెప్పెను. పెండ్లినాటి ముచ్చట్లు, మనుమల పేర్లు అన్నియు చెప్పెను. కాని ముందురోజు ఇంటికి వచ్చిన చుట్టమెవ్వరో చెప్పలేకపోయెను. వ్యాధి ఉన్న మాట నిజమే. అది తొలిదశలో నున్నది. క్రొత్త మందులు అక్కరకు వచ్చునది తొలిదశలోనే. ముదిరినదని తప్పు వ్రాసినచో ఆ గడువు చేజారిపోవును.

ఈ లోటును తీర్చుటకు పెద్దలు పనిచేయుచున్నారు. భారత వైద్యపరిశోధన మండలివారు హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడ, మలయాళ భాషలలో మతిపరీక్షలను సిద్ధము చేయించిరి. చదువు రానివారికిని తగునట్లు వానిని రూపొందించిరి. ఆ పని వివరములు 2020 లో ప్రకటితమైనవి. తెలుగు కన్నడములు రెండును అందుండుట మన జిల్లాకు భాగ్యము. ఈ కృషిలో ముఖ్యులైన డాక్టరు సువర్ణ అల్లాడిగారు పూర్వము హైదరాబాదు నిమ్స్‌లో పనిచేసి, పిదప బెంగుళూరు నిమ్హాన్స్‌నకు వచ్చినవారు.

వారే హైదరాబాదులో నుండగా జరిపిన మరియొక పరిశోధన 2013 లో వెలువడి లోకమంతట పేరొందినది. నిమ్స్‌నకు వచ్చిన 648 మంది డిమెన్షియా రోగుల వివరములు పరిశీలింపగా, ఒక్క భాషయే తెలిసినవారికంటె రెండు లేక అంతకు మించిన భాషలు మాటలాడువారికి వ్యాధి లక్షణములు సగటున నాలుగున్నర యేండ్లు ఆలస్యముగా కనబడినవి. చదువురానివారిలోను ఈ భేదము నిలిచినది. కావున ఇది బడిచదువు మహిమ మాత్రమే కాదు. అన్ని దేశముల పరిశోధనలును దీనితో ఏకీభవింపలేదు. రెండు భాషలు వచ్చినవారికి వ్యాధి రాదనియు దీని యర్థము కాదు. కాని ఇంట తెలుగు, బజారున కన్నడము మాటలాడుట పిల్లలకు బరువని తలచువారు ఈ విషయము జ్ఞాపకముంచుకొనవలెను.

ఇక పరీక్షలలో పాల్గొనుటను గూర్చి ఒక మాట. మందు పరీక్షకు మనుషులు కావలెను. మనము ముందునకు రాకున్న మనకు తగిన మందు రాదు. అట్లని కన్నులు మూసికొని సంతకము చేయరాదు. 2009 లో ఖమ్మము జిల్లాలో వేలాది బాలికలకు ఒక టీకాను పరిశీలనగా వేసినపుడు, వసతిగృహపు వార్డెనులే పలుచోట్ల తల్లిదండ్రులకు బదులు సంతకములు చేసిరని 2013 లో పార్లమెంటు స్థాయీ సంఘము తప్పుపట్టినది. అది మెదడు మందు కాదు. కాని పాఠ మొక్కటే. తన మాట తాను చెప్పుకొనలేనివారి తరఫున ఇతరుడు సంతకము చేయునపుడు జాగ్రత్త రెట్టింపు కావలెను. మతి తప్పిన పెద్దలది సరిగా ఆ పరిస్థితియే.

2019 లో కేంద్రప్రభుత్వము చేసిన నూతనౌషధముల నిబంధనలు మనకు కొన్ని హక్కులు కల్పించుచున్నవి. అంగీకారపత్రము రోగికి అర్థమగు భాషలో నుండవలెను. దాని ప్రతి మనకీయవలెను. ఏ క్షణమునైనను కారణము చెప్పక వైదొలగవచ్చును. అందువలన మామూలు చికిత్సకు భంగము రాగూడదు. పరీక్షవలన హాని కలిగినచో ఉచితచికిత్సయు నష్టపరిహారమును ఇయ్యవలెను. సరికొత్త రసాయనపు పరీక్షలో, తమ్ము తాము కాచుకొనలేని వారిని చేర్చుకొనునపుడు, ఆ అంగీకారమును దృశ్యశ్రవణ రూపమున గూడ భద్రపరుపవలెను. కావున సంతకమునకు ముందు అడుగవలసినవి ఇవి: మందేది? ఉత్త మాత్ర వచ్చు అవకాశమెంత? హాని యేమి? ఇప్పుడు వాడుచున్న మందులు కొనసాగునా? పరీక్ష ముగిసిన పిదప మందు దొరకునా? ఈ కాగితము తెలుగులో నున్నదా? ఈ ఆరింటికి జవాబు రానిచోట కలము జేబులోనే యుండవలెను.

మన సంఘము చేయదగిన పనులు కొన్ని సూచింతును. తెలుగు, కన్నడము చక్కగా వచ్చిన యువతీయువకులు నలుగురైదుగురు, పెద్దల వెంట ఆసుపత్రికి పోవుటకు పేరు లిచ్చుకొనవలెను. వారు ప్రశ్నను ఉన్నదున్నట్లు చెప్పవలెనే గాని, జాలిపడి జవాబు అందింపరాదు. అందించినచో కొలత చెడును. రెండవది, తెలుగు మతిపరీక్ష కావలెనని డాక్టరుగారిని మర్యాదగా అడుగుట. ఇది దయ కాదు, వైద్యమున భాగము. మూడవది, ఎప్పటినుండి మరపు మొదలైనది, ఏ మందులు వాడితిరి, నిద్ర, ఆవేశము ఎట్లున్నవి యను వివరములను ఇంటివారు పద్దుపుస్తకమున తేదీలతో వ్రాసియుంచుట. నాలుగవది, జ్ఞాపకశక్తి పెంచునని సంతలలో అమ్ము పొడులు, తైలములు కొనకుండుట. ఏ పరీక్షకును నిలువని సరకునకు ధర యెంత తక్కువైనను దండుగయే. ఐదవది, చక్కెర, రక్తపుపోటు అదుపులో నుంచుట, చెవుడు వచ్చినచో యంత్రము పెట్టించుట. ఇటువంటి పదునాలుగు కారణములను సరిదిద్దుకొన్నచో లోకములోని డిమెన్షియాలో నూటికి నలుబదియైదు పాళ్లు తప్పుటకో ఆలస్యమగుటకో వీలున్నదని 2024 లో అంతర్జాతీయ నిపుణులు తేల్చిరి. ఇవి మందుకంటె చౌక.

1953 అక్టోబరు 1 న బళ్లారి మైసూరు రాష్ట్రమున చేరిన నాటినుండి, బడిలో తెలుగు, కచేరీలో తెలుగు అను కోర్కెలు ఈ గడ్డమీద వినబడుచునే యున్నవి. అవి పడుచువారి భవిష్యత్తుకొరకు. ఆసుపత్రిలో తెలుగు అను కోర్కె ముసలివారి వర్తమానముకొరకు. మతి తప్పుకొలది మనిషి సాధారణముగా మొదట మరచునది ఇటీవలి విషయములు. తల్లి ఒడిలో నేర్చిన మాట తుదివరకు నిలుచుట తరచుగా చూచుచున్నాము. ఆ మాటలో పలుకరించువారు ఆసుపత్రిలో ఒక్కరైన నుండునట్లు చూచుట మన చేతిలో నున్న పని. వెంట పోవుటకు సిద్ధపడువారు నేటి సభ ముగియకమునుపే కార్యదర్శిగారియొద్ద పేరు వ్రాయింప ప్రార్థించుచున్నాను.